పాత బ్లేడ్ పట్టర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. పట్టర్ అంటే గోల్ఫ్‌లో హోల్ చుట్టూ పొట్టి గడ్డి ఉండే గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించే కర్ర. నెలకు ఒకటి రెండుసార్లు గోల్ఫ్ కోర్సుకు వెళ్లి, స్కోరు నాలుగైదు దెబ్బలు తగ్గితే చాలనుకునేవాళ్లు సన్న తల ఉన్న బ్లేడ్ పట్టర్ జోలికి పోవద్దు. పెద్ద తల ఉన్న మ్యాలెట్ రకం కొనుక్కోండి, సుఖపడతారు. నేను మాత్రం బ్లేడే వాడుతున్నాను, మార్చే ఉద్దేశం కూడా లేదు. ఈ రెండు మాటలూ ఒకే నోట ఎలా వస్తున్నాయో చెప్పాలంటే కొంచెం వివరంగా రాయాలి.

నా దగ్గరున్నది విల్సన్ 8802. అది 1960ల నాటి డిజైన్. తర్వాత కూడా ఆ కంపెనీ అదే ఆకారాన్ని మళ్లీ మళ్లీ తెచ్చింది. నాది అలా తర్వాత వచ్చినవాటిలో ఒకటి, అదీ సెకండ్ హ్యాండ్. డాలస్‌లో ఉండే మా బావమరిది అక్కడి పాత సామాన్ల దుకాణంలో చూసి కొన్నాడు. కొత్త మ్యాలెట్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. గోల్ఫ్ కర్రల్ని విమానంలో క్యాబిన్‌లోకి రానివ్వరు, 35 అంగుళాల పొడవున్నది మామూలు సూట్‌కేసులో పట్టదు. అందుకని మా అత్తగారి పచ్చళ్లు అమెరికాకు మోసిన అట్టపెట్టెకు ఇంకో ముక్క అతికించి, దుప్పటి చుట్టి, లగేజీలో వేసుకొచ్చాడు. ఇంట్లో విప్పినప్పుడు పక్కింటి పిల్లగాడు చూసి, ‘‘ఏందన్నా ఇది, పాముల్ని కొట్టే కట్టెనా?’’ అన్నాడు. జడ్చర్లలో ఆ ప్రశ్న అడగడంలో తప్పేం లేదు. ఇక్కడ గోల్ఫ్ కోర్సు లేదు, నేను ఆడతానని ఆఫీసులో కూడా చాలామందికి తెలియదు.

చూడ్డానికి దీనిలో ఏమీ లేదు. పైనుంచి చూస్తే ఒక సన్నటి ఇనుప పట్టీ, వెనక కింది భాగంలో కొద్దిగా ముందుకొచ్చిన అంచు, అంతే. షాఫ్ట్, అంటే కర్ర కడ్డీ, తల మధ్యలోకి కాకుండా ఒక చివర, అంటే హీల్ దగ్గర దిగుతుంది. గురి చూసుకోవడానికి గీత లేదు, చుక్క లేదు, తెల్లటి బాణం గుర్తు లేదు. బంతి వెనక పెట్టినప్పుడు నాకు కనిపించేది ఒక్క పై అంచే. ఆ అంచు హోల్‌కు లంబంగా ఉందా లేదా, చూడాల్సింది అంతే. ఈ ఖాళీయే నాకు బాగా నచ్చింది. మ్యాలెట్ మీద ఉండే గీతలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయా అని చూసుకునేసరికి నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఇప్పుడు దుకాణాల్లో బ్లేడ్ అని చూపించేవాటిలో ఎక్కువ భాగం ఈ రకం కాదు, పింగ్ కంపెనీ ‘ఆన్సర్’ పట్టర్ వంశానివి. ఆ రెంటికీ తేడా తెలియకుండా కొంటే నిరాశ తప్పదు. పింగ్‌ను స్థాపించిన, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్స్టెన్ సోల్‌హైమ్‌కు పట్టింగ్, అంటే పట్టర్‌తో కొట్టడం, కుదరక, తనకోసం తానే పట్టర్లు తయారు చేసుకోవడం మొదలుపెట్టాడు. 1966లో ఒక గ్రామఫోన్ రికార్డు కవరు మీద ఆన్సర్ బొమ్మ గీశాడు. ఆయన చేసిన పని వినడానికి చాలా చిన్నది. తల మధ్యలో ఉన్న బరువును తీసి రెండు చివర్లకూ పంచాడు. బరువు చివరల్లో ఉంటే, బంతి మధ్యలో తగలకపోయినా తల అంతగా మెలి తిరగదు. టైగర్ వుడ్స్ గెలిచిన 15 మేజర్లలో, అంటే అతిపెద్ద టోర్నీల్లో, 14 సార్లు చేతిలో ఉన్న స్కాటీ కామెరాన్ న్యూపోర్ట్ 2 పట్టర్ కూడా ఆ కుదురుకు చెందినదే. అంటే లోకం బ్లేడ్ అని మెచ్చుకునే ఆ పట్టర్ కూడా, 8802తో పోలిస్తే తప్పుల్ని బాగానే కాచుకునే రకం. నాది అంతకు ముందు తరం ఆలోచన. ఇందులో తప్పును కాసే ఏర్పాటు దాదాపు ఏమీ లేదు.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పట్టర్ షాఫ్ట్‌ను తలకు కాస్త ఎగువన చూపుడు వేలి మీద అడ్డంగా ఆనించి, తూకం కుదిరేలా నిలపండి. మ్యాలెట్లలో చాలావాటికి ముఖం, అంటే బంతికి తగిలే వైపు, ఆకాశం వైపు చూస్తుంది. 8802 అలా ఆగదు, హీల్‌కు అవతల ఉన్న దాని కొస నేరుగా నేల వైపు వేలాడుతుంది. బరువంతా షాఫ్ట్‌కు ఒకే పక్కన ఉండటం వల్ల వచ్చే గుణం ఇది. వెనక్కి తీసినప్పుడు ముఖం తనంతట తాను కొద్దిగా తెరుచుకుంటుంది, ముందుకు వచ్చేటప్పుడు మూసుకుంటుంది. మీ చేతుల కదలిక సహజంగానే కొంచెం వంపు తిరిగేదైతే ఇది మీతో కలిసి నడుస్తుంది. గీత గీసినట్టు తిన్నగా వెనక్కీ ముందుకూ ఊపేవాళ్లు దీనితో రోజూ కొట్లాడాల్సిందే. కొనేముందు మీ పట్టింగ్‌ను ఫోన్‌లో వీడియో తీసుకుని ఈ ఒక్క సంగతి చూసుకుంటే చాలు. తల పరిమాణం, రంగు, పేరు అన్నీ దీని తర్వాతే.

ఇక నా ప్రాక్టీసు సంగతి. మా ఇల్లు పాతది, నేలంతా షాబాద్ బండలు. పోలేపల్లి వైపు ఫ్యాక్టరీలో షిఫ్ట్ అయిపోయి వచ్చాక, రాత్రి భోజనాలయ్యాక హాల్లో బంతి దొర్లిస్తాను. బండకూ బండకూ మధ్య సిమెంటు పూసిన అతుకు తిన్నగా గోడ దాకా వెళుతుంది. అతుకు పక్కనే బంతి పెట్టి, దానికి సమాంతరంగా కొట్టాలి. నున్నటి బండ మీద బంతి ఎక్కడా ఆగదు, ఏ గ్రీన్ మీదా ఉండనంత వేగం. కాబట్టి దూరం నేర్చుకోవడానికి పనికిరాదు గానీ, దిశ విషయంలో అబద్ధం చెప్పడం దాని వల్ల కాదు. ముఖం కొంచెం తెరుచుకుని తగిలినా బంతి మూడో బండకల్లా అతుకు నుంచి విడిపోయి కుర్చీ కాళ్ల వైపు పోతుంది. లెక్క కూడా అంతే చెబుతుంది. పది అడుగుల దూరంలో ముఖం ఒక్క డిగ్రీ పక్కకు చూస్తే బంతి దాదాపు రెండు అంగుళాలు తప్పుతుంది. హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. మధ్యకు గురిపెట్టిన బంతి ఒక్క డిగ్రీ తేడాకే అంచు మీదికి వెళ్లిపోతుందన్నమాట.

బండల మీద ఇంకోటి తెలిసింది: శబ్దం. నడిమధ్యలో తగిలితే పొట్టిగా, గట్టిగా ఒక ‘టక్’. కొస వైపు అర అంగుళం జరిగితే శబ్దం పల్చబడి, గ్రిప్ (పిడి) పట్టుకున్న వేళ్లకు చిన్న వణుకు తెలుస్తుంది. హీల్ వైపు తగిలితే మొద్దుగా ఉంటుంది, వణుకు ఉండదు. నిద్రపోయేవాళ్లను లేపకూడదని లైటు తగ్గించి ఆడిన రాత్రుల్లో కూడా, బంతి ఎటు పోయిందో చూడకుండానే ఎక్కడ తగిలిందో చెప్పగలిగేవాణ్ని. ముఖంలో మెత్తటి పొర అతికించిన పట్టర్లు ఈ తేడాను మింగేస్తాయి. అన్నీ ఒకేలా మెత్తగా వినిపిస్తాయి. కొందరికి అదే హాయి. నాకు మాత్రం చెవి మూసినట్టు ఉంటుంది.

దూరం కోసం గొంగడి పరుస్తాను. పాలమూరు గొంగడి అంటే తెలియనివాళ్లు ఉండరు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసినది, ముతకగా, బరువుగా ఉంటుంది. దాని మీద బంతి వానాకాలపు గ్రీన్ మీద పడ్డట్టే నెమ్మదిస్తుంది. గొంగడి ఒక కొస నుంచి కొట్టి, అవతలి కొస దగ్గర అది బండ మీదికి దొర్లకుండా ఆపాలి. ఈ ఆట మా అమ్మకు అస్సలు నచ్చలేదు. ‘‘మీ తాత కప్పుకున్న గొంగడి రా అది, దాని మీద గోటీలాటలేంది?’’ అని తిట్టింది. తర్వాత సంతలో ఇంకోటి కొన్నాను, దాని మీద అభ్యంతరం లేదు.

అసలు ఆట గోల్కొండలో. జాతీయ రహదారి 44 ఎక్కి, రాయికల్ టోల్ దాటి, శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే, పొద్దున్నే బయల్దేరితే ట్రాఫిక్ బాధ ఉండదు. కోట పక్కన నయాఖిలాలో ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సుకు సభ్యుడైన స్నేహితుడి వెంట అతిథిగా వెళుతుంటాను. హతియాన్ ఝాడ్ అని పిలిచే ఆ మహా బావొబాబ్ చెట్టు ఉన్నది ఆ నయాఖిలాలోనే. మొదటిసారి వచ్చేవాళ్లను నేను ఆట కంటే ముందు దాన్నే చూసి రమ్మంటాను.

బెర్ముడా గడ్డి గ్రీన్ల మీద పట్టింగ్ అంటే సగం గడ్డి వాలును చదవడమే. గడ్డి మనకు అవతలి వైపుకు వాలి ఉంటే నేల మెరుస్తూ కనిపిస్తుంది, బంతి జారిపోతుంది. మన వైపు వాలి ఉంటే ముదురు రంగులో కనిపిస్తుంది, బంతి ఆగిపోతుంది. ఒకే గ్రీన్ మీద అటు నుంచి ఇటు కొట్టే పట్‌కూ, ఇటు నుంచి అటు కొట్టే పట్‌కూ దెబ్బలో పొంతనే ఉండదు. ఇక్కడే బ్లేడ్ తన కూలి సంపాదించుకుంటుంది. బంతి పొట్టిగా ఆగిపోయినప్పుడు కారణం గడ్డి వాలా, నా దెబ్బా అన్నది తేల్చుకోవాలి కదా. నడిమధ్యలో తగిలిందని చేతికి తెలిస్తే తప్పు గడ్డిని చదవడంలో ఉంది, తర్వాతి గ్రీన్‌లో ఇంకాస్త గట్టిగా కొడతాను. కొసకు తగిలిందని తెలిస్తే చదివింది సరైనదే, దెబ్బ మార్చక్కర్లేదు. ఈ తేడా తెలియకపోతే ఒక తప్పును ఇంకో తప్పుతో దిద్దుతూ పద్దెనిమిది హోళ్లూ అయిపోతాయి. అక్కడ కర్రలు మోసే కేడీ ఒకాయన నా వెనక నిలబడి ‘‘సాబ్, ఆధా కప్ బాయే, ఆరామ్‌సే’’ అంటాడు, అంటే అర హోల్ ఎడమకు, నెమ్మదిగా అని. దిశ ఆయన చూసుకుంటాడు కాబట్టి నాకు మిగిలేది ఆ ఆరామ్‌సే ఒక్కటే. బ్లేడ్‌తో అది నేర్చుకున్నంత త్వరగా ఇంకే పట్టర్‌తోనూ నేర్చుకోలేదు.

దీని మీద మోజు నాకొక్కడికే లేదు. ఈ ఆకారపు పట్టర్లలో అందరికీ తెలిసింది అమెరికన్ గోల్ఫర్ బెన్ క్రెన్‌షాది. కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చిన పట్టర్‌కు ‘లిటిల్ బెన్’ అని పేరు పెట్టుకుని, దానితో 1984లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు. అదే క్రెన్‌షా అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్‌లో 1987లో కోపంతో పట్టర్‌ను విరగ్గొట్టుకున్నాడు. నియమం ప్రకారం మధ్యలో ఇంకోటి తెచ్చుకోవడానికి లేదు. ఆ తర్వాత గ్రీన్ల మీద దానికోసం చేయని 1-ఐరన్, వెడ్జ్ అనే వేరే కర్రల్లో మొదటిదానితోనూ, రెండోదాని అంచుతోనూ పట్ చేస్తూ ప్రత్యర్థి ఏమన్ డార్సీతో ఆఖరి హోల్ దాకా పోరాడి ఓడిపోయాడు. పట్టర్ లేకుండా ఆఖరి హోల్ దాకా తీసుకెళ్లాడంటే ఆ చేతులు ఎలాంటివో ఆలోచించండి. ఫిల్ మికెల్సన్ కూడా చాలా ఏళ్లు ఈ రకాన్నే పట్టాడు.

అయితే అవతలి వైపు సాక్ష్యం కూడా గట్టిగానే ఉంది, దాన్ని దాచిపెట్టడం బ్లేడ్ అభిమానులకు అలవాటు. జాక్ నిక్లాస్ 46 ఏళ్ల వయసులో 1986 మాస్టర్స్ గెలిచింది అప్పట్లో అందరూ నవ్విన పెద్ద తల పట్టర్‌తో. 2024లో స్కాటీ షెఫ్లర్‌ను చూశాం. బంతిని గ్రీన్ దాకా తేవడంలో అతనికి పోటీ లేదు, పట్టింగే తంటా. మార్చిలో మ్యాలెట్‌కు మారాడు, వెంటనే వరసగా గెలిచి ఏప్రిల్లో మాస్టర్స్ కూడా పట్టుకుపోయాడు. ప్రపంచ నంబర్ వన్‌కే తప్పుల్ని మన్నించే తల కావాల్సి వచ్చిందంటే, జడ్చర్ల నుంచి వారాంతంలో వచ్చే నాలాంటివాడి సంగతి చెప్పక్కర్లేదు.

ఆ అనుమానంతోనే ఒక వానాకాలమంతా స్నేహితుడి మ్యాలెట్ తీసుకుని ఆడాను. నిజం చెప్పాలంటే, నాలుగైదు అడుగుల పట్లు దానితోనే ఎక్కువ పడ్డాయి. తల వెనక్కి పొడుగ్గా ఉండటం వల్ల గురి తేలిక, చెయ్యి కొద్దిగా తొణికినా అది పట్టించుకోదు. కానీ ముప్పై అడుగుల నుంచి బంతిని హోల్ పక్కన ఆపడంలో చేతికి ఏమీ అందలేదు. ఒకటి ఆరడుగులు పొట్టి, ఒకటి ఆరడుగులు పొడుగు, రెండూ చేతికి ఒకేలా అనిపించాయి. మొత్తం మీద స్కోరు ఇంచుమించు అక్కడికక్కడే. మీకు చిన్న పట్లు తప్పే జబ్బు ఉంటే మ్యాలెట్ వైపు వెళ్లండి. ఒక్కో గ్రీన్ మీద మూడేసి పట్లు పట్టే జబ్బు ఉంటే బ్లేడ్‌తో ఒక సీజన్ ఆడి చూడండి. ఆ తర్వాత బ్లేడ్ కొనుక్కుని ‘ఇది నా తప్పు కాయడం లేదు’ అని వాపోవడం మాత్రం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమే.

వాడకంలో బయటపడ్డ లోపాలు కూడా చెప్పాలి. మొదటిది బరువు. పాతకాలపు తలలు తేలిక. ఇప్పటి పట్టర్లలో 350 గ్రాములు దాటిన తలలు మామూలు. నెమ్మదైన గ్రీన్ మీద తేలిక తలతో పొడుగు పట్ కొట్టాలంటే మణికట్టు విసరాల్సి వస్తుంది, దాంతో ముఖం అదుపు తప్పుతుంది. వెనక అంచు మీద సీసపు టేపు రెండు వరసలు అతికించాక నాకు సరిపోయింది. టేపు నల్లబడి అందం చెడుతుంది, అయినా చూసేది నేనొక్కణ్నే కదా.

రెండోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరులో కారు డిక్కీ సంగతి మీకు తెలిసిందే. ఫ్యాక్టరీ బయట రోజంతా ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే తలను షాఫ్ట్‌కు పట్టి ఉంచే ఎపాక్సీ మెత్తబడుతుంది. ఒక వేసవిలో బంతి తగిలినప్పుడల్లా లోపల చిన్న క్లిక్ వినిపించడం మొదలైంది. తలను తిప్పి లాగితే ఊడి చేతికొచ్చింది. లోపలి పాత జిగురంతా గీకి, గరుకు కాగితంతో రుద్ది, అరాల్డైట్ పెట్టి, ముఖం కోణం చూసుకుని ఒక రోజంతా కదలకుండా గోడకు ఆనించాను. ఇప్పటికీ నిలిచింది. వేసవిలో పట్టర్ ఇంట్లోనే ఉంటుంది, బ్యాగు సంగతి ఎలా ఉన్నా.

మూడోది గ్రిప్. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో కొత్త గ్రిప్ వేయమంటే, ఇప్పుడు అందరూ ఇదే వాడుతున్నారని లావుపాటిది తొడిగి పంపారు. లావు గ్రిప్ మణికట్టును కట్టేస్తుంది, వేళ్లకు అందే వణుకంతా రబ్బరులోనే ఆగిపోతుంది. ఇక ఈ బ్లేడ్ ఎందుకు? ఇంటికొచ్చి కోసేసి, రెండువైపులా అంటుకునే టేపు చుట్టి, టర్పెంటైన్ పోసి, సన్నటి పిస్టల్ గ్రిప్ నేనే ఎక్కించుకున్నాను. ఈ పనికి మెకానిక్ అక్కర్లేదు, పదిహేను నిమిషాల పని.

పాతది కొనేవాళ్లు ముఖం మీద గీతలు చూసి బెదిరిపోవద్దు, అవి ఆటకు అడ్డం రావు. చూడాల్సింది లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం. పట్టర్‌కు లాఫ్ట్ ఉండదని చాలామంది అనుకుంటారు. ఉంటుంది, మామూలుగా 3 నుంచి 4 డిగ్రీలు. బంతి తన బరువుకు గడ్డిలో కొద్దిగా దిగి కూర్చుంటుంది, దాన్ని ఆ గుంటలోంచి పైకి తీసి దొర్లించడానికి ఆ మాత్రం వాలు కావాలి. పాతతరం ఛాంపియన్ బాబీ జోన్స్ తన ‘కెలామిటీ జేన్’ అనే పట్టర్ పట్టిన రోజుల్లో గ్రీన్ల మీద గడ్డి పొడవు, అందుకే ఆనాటి పట్టర్లకు లాఫ్ట్ ఇంకా ఎక్కువ. సెకండ్ హ్యాండ్ బ్లేడ్లను ఎవరో ఒకరు తమకు తగ్గట్టు వంచుకుని ఉంటారు. చదునైన బండ మీద నిలబెట్టి, పక్కనుంచి చూస్తే ముఖం వెనక్కి వాలిందో ముందుకు వంగిందో తెలిసిపోతుంది. ముందుకు వంగి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. షాఫ్ట్ తలలోకి దిగే చోట తుప్పు ఉందేమో కూడా చూసుకోండి.

ఎడమచేతి వాటం వాళ్లకు 8802 పనికిరాదు, ఎడమచేతికే చేసినది వెతుక్కోవాలి, అది దొరకడం కష్టం. వాళ్లకు ఆక్యుష్నెట్ బుల్స్ ఐ చూడమంటాను. జాన్ రాయిటర్ చేసిన ఆ ఇత్తడి పట్టర్‌కు రెండు వైపులా ముఖమే, ఏ చేతివాళ్లైనా ఆడొచ్చు, నియమాలూ ఒప్పుకుంటాయి. మా ఆఫీసులో ఉన్న ఎడమచేతి మిత్రుడికి అదే వెతుకుతున్నాం. బావమరిది వచ్చే సంక్రాంతికి వస్తున్నాడు, అట్టపెట్టె ఎలాగూ ఖాళీగానే ఉంటుంది.